వణికే చేతి మడత

ఆమె పోయిందన్న కబురు నాకు చేరినప్పుడు నేను టీకాల ఫ్రిజ్ తలుపు తుడుస్తున్నాను. మధ్యాహ్నం కావడంతో రోగులందరూ వెళ్ళిపోయారు. చదువు కోసమని కొన్నాళ్ళు పెద్ద సిస్టరమ్మ సొంత దేశంలో ఉండి, ఆ పొద్దున్నే తిరిగొచ్చిన మా మఠం ఆస్పత్రి చిన్న సిస్టరు, భుజాన సంచి కూడా దించకుండా లోపలికి వచ్చింది.

"పెద్ద సిస్టరమ్మ పోయినారక్కా. క్రిస్మస్ అయిపోయినాక. నిద్రలోనే," అంది.

గుడ్డ పక్కన పెట్టి స్టూలు మీద కూర్చున్నాను. ఏడుపు రాలేదు. మనిషి పోతే ఏడవాలి. నాకు మాత్రం కాళ్ళు పీకడం మొదలైంది, పొద్దుటి నుంచీ చేసిన పనంతా అప్పుడే ఒంటిమీద పడినట్టు. ఆమే ఉంటే కళ్ళజోడు తీసి "యాష్టకొచ్చిందప్పా" అనేది. విసుగూ అలసటా కలిసి, ఇక ఓపిక లేదనిపించినప్పుడు మా వైపు వాళ్ళు అనే మాట అది. మా అమ్మ నోట కూడా నేను అన్నిసార్లు వినలేదు. ఎక్కడో యూరప్‌లో పుట్టి మా కరువు నేలకు వచ్చిపడిన తెల్ల సిస్టరమ్మ నోట విన్నాను.

చిన్న సిస్టరు ఇంకో సంగతి కూడా చెప్పింది. అది దాని చోట చెబుతాను. ముందు మనిషిని చూపించాలి.

కళ్యాణదుర్గంలో షేర్ ఆటో ఎక్కి "సిస్టరమ్మ కాడికి" అంటే చాలు, ఏ ఊరని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. చుట్టుపక్కల ఊళ్ళలో సగంమంది పిల్లలు ఆమె చేతుల్లో పడినవాళ్ళే. పొడుగు మనిషి, నడుం దగ్గర కొంచెం వంగింది. ముఖమూ చేతులూ మా ఎండకు కాలి ఎర్రమట్టి రంగుకు తిరిగాయి. తలగుడ్డ కాస్త జరిగినప్పుడు మాత్రం నుదుటి పైభాగం పాలలా తెల్లగా కనిపించి, ఓహో ఈమె మన వైపు మనిషి కాదు కదా అని గుర్తొచ్చేది.

కాన్పులు, జ్వరాలు, కట్లు, టీకాలు అన్నీ అయ్యేసరికి పొద్దు వాలేది. అప్పుడు కళ్ళజోడు తీసి, కళ్ళు మూసుకుని, ముక్కు మొదట్లో రెండు వేళ్ళతో నొక్కుకునేది. "యాష్టకొచ్చిందప్పా" అనేది. ఇక లేచి గదికి పోతుందనుకుంటాం. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, తలుపు వైపు చూసి, "ఊ, ఇంగెవరుండారు?" అనేది. ఈ రెండు మాటలూ ఒకదాని వెంట ఒకటి వచ్చేవి. మొదటి మాట తనకోసం, రెండోది జనం కోసం అని నేను అనుకునేదాన్ని.

ఇంకో అలవాటుంది. ఆషాఢంలో మా పీఠభూమి మీద గాలి తప్ప ఏమీ ఉండదు. మబ్బులు వస్తాయి, మా నెత్తిమీదుగా ఎక్కడికో పోతాయి. ఆమె వరండాలోకి వచ్చి, నడుం మీద చేయి పెట్టుకుని వాటిని తిట్టేది. "పోండి, పోండి. ఈడ మీకేం పనుండాది? నీళ్ళుండే ఊర్లకే పోసి రాండి." చూపించుకోడానికి వచ్చిన రైతులు నవ్వేవాళ్ళు. కాసేపటికి నవ్వు ఆపి వాళ్ళూ పైకి చూసేవాళ్ళు.

నేను నర్సుగా చేరిన కొత్తలో మొదటి తిట్లు ఈ ఫ్రిజ్ దగ్గరే తిన్నాను. ఎండాకాలం. మజ్జిగ చెంబు టీకాల పక్కన పెట్టాను. ఆమె తలుపు తీసి చూసి, చెంబు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఇది బిడ్డల ఇల్లు, పాపా. నీ మజ్జిగకు ఈడ చోటు లేదు."

నాకు కోపం వచ్చింది. ఇంత ఆస్పత్రిలో ఒక్క చెంబుకు చోటు లేదా అనుకున్నాను. ఆ కోపం డిసెంబరు దాకా మోశాను. డిసెంబరులో ఆమె పండుగ పిండి కలిపిన రోజు అది పోయింది.

ఆ పిండివంట పేరు కొలాచ్కి. మైదా, వెన్న, మీగడ పెరుగు కలిపి మెత్తగా పిసికి, చల్లగా ఒక రాత్రంతా ఉంచాలి. తర్వాత పల్చగా ఒత్తి, చిన్న చదరపు ముక్కలు కోసి, నడుమ పూర్ణం పెట్టి, ఎదురెదురు మూలలు రెండింటిని మాత్రం లోపలికి మడిచి, గుడ్డు తెల్లసొన తడితో గట్టిగా ఒక నొక్కు నొక్కాలి. మిగతా రెండు వైపులా తెరిచే ఉంటుంది, పూర్ణం కొంచెం కనిపిస్తుంది. పుట్టిన బిడ్డను గుడ్డలో చుట్టి ముఖం మాత్రం బయటికి ఉంచుతామే, అట్లా ఉండేది. చల్లదనం లేకపోతే వెన్న కరిగి పిండి చేతికి అంటుకుంటుంది. మా ఊళ్ళో చల్లగా ఉండేది ఒకటే, ఈ ఫ్రిజ్.

ఆమె పిండి గిన్నె రెండు చేతులా పట్టుకుని ఫ్రిజ్ ముందు నిలబడింది. తలుపు వైపు చూసింది. పిండి వైపు చూసింది. నేను, "ఒక్క రాత్రికి ఏమైతాది, పెట్టండి సిస్టర్" అన్నాను.

"నీ మజ్జిగకు లేని చోటు నా పిండికి యాడనుంచి వస్తాది?" అని వెనక్కి తిరిగింది. గిన్నెకు తడిగుడ్డ చుట్టి, పెరట్లో మంచు పడేచోట పెట్టి, పైన గంప బోర్లించి, పిల్లులు రాకుండా రాయి పెట్టింది. ఏటా అదే. ఏటా ఫ్రిజ్ ముందు ఒకసారి నిలబడి చూసేది, ఏటా పెరట్లోకి పోయేది.

పూర్ణం రెండు రకాలు. ఒకటి గసగసాలు నూరి పాలల్లో ఉడికించి చక్కెర వేసినది. ఇంకోటి అక్రోటుది. వాళ్ళమ్మది స్లొవాకియా, నాయనది స్లొవేనియా. ఆమె పుట్టేనాటికి ఆ రెండు పేర్లతోనూ దేశాలు లేవట, ఆమె బయలుదేరి వచ్చిన దేశమేమో ఇప్పుడు లేదట. "గసగసాలది మా అమ్మ. అక్రోటుది మా నాయన. ఏటికొకసారి ఒక తట్టలో ఇద్దర్నీ కూర్చోబెడతా," అనేది. అనంతపురం జిల్లాలో అక్రోటు ఎక్కడ దొరుకుతుంది? వేయించిన శెనక్కాయ గింజలు దంచి, బెల్లం కలిపి పెట్టేది. "మా నాయన ఈడికొచ్చి శెనక్కాయ అయిపోయినాడు" అని ముక్కు మొదట్లో నొక్కుకుని నవ్వేది. ఆ శెనక్కాయలు కొన్నవి కావు. ఆమె పురుడు పోసిన ఇళ్ళవాళ్ళు కళ్ళం అయ్యాక తలా ఒక చేటెడు తెచ్చి వరండాలో పోసి పోయేవాళ్ళు.

గసగసాల మాట వస్తే ఆమె ముఖం వేరేగా అయ్యేది. "వచ్చిన కొత్తల్లో నాకు శానా కష్టమాయ. ఎండ, తేళ్ళు, భాష. పారిపోదామనుకుంటి. ఒకపొద్దు అంగట్లో గసగసాలు కనపడె. ఈ ఊర్లో గసగసాలుండాయంటే ఇంగ నేను యాడికీ పోనక్కర్లేదు అనుకుంటి," అని నాతో ఎన్నోసార్లు చెప్పింది. ప్రార్థన గది వెనక వేపచెట్టు కింద ఆమెకంటే ముందు పోయిన సిస్టర్ల సమాధులున్నాయి. గోడ పక్కన ఇంకొక్క మనిషికి చోటుంది. గొడ్లు అక్కడ తొక్కకుండా ఆమె స్వయంగా కంపలు నరికి వేసింది. ఎవరికోసమో అడగక్కర్లేదు.

ఈ పిండివంటలో ఆమెకు కుడిచేయి సుంకమ్మక్క. ఆస్పత్రి వంటమనిషి. ఊళ్ళో ఎవరింట పండుగైనా కర్జికాయలకు సుంకమ్మక్కనే పిలిచేవాళ్ళు. కొందరు కజ్జికాయలంటారు, మాకు కర్జికాయలే. అచ్చులో పెట్టి నొక్కేవాళ్ళంటే ఆమెకు చులకన. అరచేతిలో పూరీ పెట్టి, పూర్ణం పోసి, సగానికి మడిచి, బొటనవేలితో అంచును కొంచెం కొంచెంగా తిప్పుతూ జడ అల్లినట్టు అల్లేది. నూనెలో వేస్తే ఒక్కటి కూడా విచ్చుకునేది కాదు. అట్లాంటి మనిషికి ఈ తెరిచిన మూటలు చూస్తే ఒళ్ళు మండేది.

"లోపల పెట్టింది బయటికి కనపడితే అది పిండివంట ఎట్లయితాది సిస్టరమ్మా? ఒకపక్క మూసి ఒకపక్క తెరిస్తే ఏం మర్యాద?"

"మా అమ్మ అట్లే చేసె, మే. కనపడల్ల. కనపడితేనే తినబుద్ధయితాది."

"మీ అమ్మకు నేను చెప్పింటే వినుండును," అనేది సుంకమ్మక్క. ఇద్దరూ ఏటా ఇదే గొడవ పడేవాళ్ళు. చివరికి సిస్టరమ్మ చెప్పినట్టే మూలలు నొక్కేవాళ్ళు. సుంకమ్మక్క మాత్రం ప్రతి మూటనూ తట్టలో పెట్టేటప్పుడు ఒకసారి మూతి తిప్పేది.

ఆస్పత్రిలో పొయ్యి ఉంది కానీ కాల్చే భట్టీ లేదు. కళ్యాణదుర్గం బస్టాండు దగ్గర మస్తానన్న బేకరీ ఉండేది. పండుగలప్పుడు మా వైపు జనం తమ పిండి, నెయ్యి, చక్కెర తామే పట్టుకుపోయి బేకరీలో బిస్కెట్లు కాల్పించుకుంటారు. భట్టీ మాత్రమే ఆయనది, సరుకు మనది. క్రిస్మస్ ముందురోజు పిండి గిన్నె ఒళ్ళో పెట్టుకుని సుంకమ్మక్క, పూర్ణం డబ్బాలతో నేను, ముందు సీట్లో డ్రైవరు పక్కన ఇరుక్కుని సిస్టరమ్మ, ఆటోలో బయలుదేరేవాళ్ళం.

తొంభైల చివర్లో కొన్నేళ్ళు రంజాన్ నెల డిసెంబరులో వచ్చింది. ఒక ఏడు సంగతి నాకు కళ్ళకు కట్టినట్టుంది. మస్తానన్న రోజా ఉండి, పెదాలు ఎండిపోయి, సర్కారు కంప కట్టెల మంట ముందు చెమటలు కక్కుతున్నాడు. మొదటి తట్ట బయటికి వచ్చింది. వెన్న వాసన బస్టాండు దాకా పోయింది.

"సిస్టరమ్మా, ఒకటి నోట్లో ఏసుకొని సూడు. తీపి సరిపోయిందో లేదో," అన్నాడు.

"ఈ పొద్దు నాకూ ఉపాసమే కదప్పా. ఆకాశంలో చుక్క కనపడేవరకూ నోట్లో ఏమీ పడగూడదు."

"అట్లనా? నాకు బాంగు ఇనపడల్ల, నీకు చుక్క కనపడల్ల. మరి రుచి సూసేదెవరు?"

ఇద్దరూ సుంకమ్మక్క వైపు తిరిగారు. ఆమె చేతులు తిప్పుతూ, "అయితే మీ ఇద్దరి దేవుండ్లకూ నేనే ఎంగిలి చేయల్లనా?" అని అరిచి, శెనక్కాయది ఒకటి, గసగసాలది ఒకటి తిని, "బాగుండాయి. మూతి మూసింటే ఇంగా బాగుండును" అంది.

పని అయిపోయినా సిస్టరమ్మ ఆటో ఎక్కలేదు. బేకరీ ముందు బల్ల మీద మస్తానన్న పక్కనే కూర్చుంది. ఇద్దరూ ఆకలి మీద ఉన్నారు, ఇద్దరూ అలిసిపోయి ఉన్నారు. మసీదులో బాంగు వినిపించింది. దాదాపు అప్పుడే ఆమె పడమటి వైపు వేలు చూపించింది. ఆయన ఆమె చేతిలో ఖర్జూరం పెట్టాడు, ఆమె ఆయన చేతిలో కొలాచ్కి పెట్టింది. బస్సులు మా ముందునుంచే పోతున్నాయి. నా జీవితంలో అంత హాయిగా కూర్చున్న సాయంత్రాలు ఎక్కువ లేవు.

తర్వాత వరసగా వానలు మొఖం చాటేశాయి. రంజాన్ కూడా జరిగి వేరే నెలల్లోకి పోయింది. శెనక్కాయ విత్తనం వేస్తే మొలవదు, మొలిస్తే పూత నుంచి మట్టిలోకి ఊడ దిగదు, దిగితే కాయ పట్టదు. పట్టిన కాయ వేళ్ళతో నొక్కితే లోపల గాలే. ఊళ్ళకు ఊళ్ళు బెంగళూరికి ఇల్లు కట్టే పనులకు పోయాయి. ట్యాంకరు వచ్చినచోట బిందెలు, లేనిచోట ఎర్రదుమ్ము. తూకం బల్ల మీద పెట్టిన పిల్లలు ముందు నెల కంటే తక్కువ తూగేవాళ్ళు. ఆమె తూకం చూసి, కళ్ళజోడు తీసి, ముక్కు నొక్కుకునేది. అప్పుడప్పుడు ఆ మాట కూడా అనకుండా ఊరికే అట్లా కూర్చునేది. నేనే, "ఇంకా ముగ్గురున్నారు సిస్టర్" అనాల్సి వచ్చేది.

ఆ ఏళ్ళలోనే ఆమె చేయి వణకడం మొదలైంది. మొదట నాకు తెలియలేదు. ఒకరోజు సూది నాకిచ్చి, "నువ్వే ఎయ్యి పాపా" అంది. ఆ రోజు నుంచి ఆమె ఎవరికీ సూది వేయలేదు, కుట్లు వేయలేదు. ఎవరూ చెప్పకముందే తనంతట తనే మానేసింది. కాన్పులకు తల దగ్గర నిలబడి ఆడమనిషితో మాట్లాడేది, చేతిపని నాది. ఆమె గొంతు వింటే చాలు, సగం నొప్పులు తగ్గేవి. కాబట్టి రోగులకు ఏ కష్టమూ రాలేదు. కష్టం ఆమెకే వచ్చింది.

వాళ్ళ మఠంలో ఒక పద్ధతి ఉంది. పని చేయలేని సిస్టరును సొంత దేశంలోని వృద్ధుల ఆశ్రమానికి పంపేస్తారు. అక్కడ మంచి డాక్టర్లుంటారు, వెచ్చని గదులుంటాయి. పంపేవాళ్ళు మంచికే పంపుతారు. బెంగళూరు నుంచి మఠం పెద్ద అయిన మదర్ ఏటా క్రిస్మస్‌కు వచ్చి, అందరినీ చూసి పోయేది. ఆ మదర్‌కు సిస్టరమ్మ మూటలంటే మహా ఇష్టం.

"పంపిస్తే పోండి సిస్టర్. ఇక్కడేముంది, దుమ్ము తప్ప?" అన్నాను ఒకసారి, నా విసుగులో నేను.

ఆమె వేపచెట్టు వైపు చూసింది. తర్వాత అంది: "ఆడ నాకు తెలిసినోళ్ళంతా మట్టిలో ఉండారు. ఈడ నాకు తెలిసినోళ్ళంతా నడుస్తాండారు. నేను యాడుండల్లో నువ్వే చెప్పు."



ఆ డిసెంబరులో పిండి కలిపింది కానీ మూల నొక్కలేకపోయింది. కొలాచ్కికి ఒక్క నొక్కు పడాలి, కదలకుండా. ఆమె వేళ్ళు మూల మీదికి చేరేలోపే పక్కకు పోయేవి. మేం ముగ్గురం ఒకరి ముఖాలొకరు చూసుకున్నాం. ఏ మాటా అనుకోకుండానే సంగతి తేలిపోయింది. మూటలు సుంకమ్మక్క కడుతుంది, తట్ట సిస్టరమ్మ పేరు మీద మదర్ ముందుకు పోతుంది, చేతి వణుకు సంగతి బయటపడదు.  "రెండు మూలలే, మే. మిగతాది తెరిచే ఉండల్ల," అని మాత్రం అంది సిస్టరమ్మ.

"తెలుసులే సిస్టరమ్మా. ఇన్నేండ్లు చూడలేదా?" అంది సుంకమ్మక్క.

ఆ ఏడు శెనక్కాయలు ఎవరి దగ్గరా లేవు. అయినా జనం తెచ్చారు. చేటెడు కాదు, గుప్పెడు. ఒకామె కొంగున కట్టుకుని నడిచి వచ్చి, ముడి విప్పి వరండాలో పెట్టి, "ఇంతే ఉండాయమ్మా" అని సిగ్గుపడి పోయింది. అవన్నీ కలిపి దంచితే ఒక డబ్బా పూర్ణం అయింది.

బేకరీకి బయలుదేరే వేళకు ఒక గర్భిణిని ఆటోలో తెచ్చారు. బిడ్డ అడ్డం తిరిగింది. నేనూ సిస్టరమ్మా ఆగిపోయాం. సుంకమ్మక్క ఒక్కతే గిన్నె పట్టుకుని పోయింది.

అక్కడ ఏం జరిగిందో ఆమె తర్వాత ఎన్నిసార్లు చెప్పిందో. మొదటి తట్ట సరిగ్గానే మడిచింది. భట్టీ వేడికి మూలలు ఊడి, మూటలు నోళ్ళు తెరిచి, పూర్ణం కారి రేకు మీద మాడిపోయింది. కొంగున కట్టుకొచ్చిన గింజలు నల్లటి బొగ్గయ్యాయి. సుంకమ్మక్క ఆ తట్ట ముందు కూలబడి ఏడ్చిందట. మస్తానన్న, "పోనీలే అక్కా, ఇంగోటి చెయ్యి" అన్నాడట. ఇంకోటి చేస్తూ ఆమె ఆలోచించలేదు. వానలు లేని ఏడు పూర్ణం నేలపాలు చేసే చేయి కాదది. మిగిలిన పిండి ముక్కలన్నిటినీ సగానికి మడిచి, బొటనవేలితో అంచులు అల్లేసింది. అన్నీ కర్జికాయలే. ఒక్కటీ విచ్చుకోలేదు. తళతళలాడుతూ బయటికి వచ్చాయి. ఆమెకు అప్పుడు గర్వంగా కూడా అనిపించిందట.

సాయంత్రానికి తల్లీబిడ్డా క్షేమంగా బయటపడ్డారు. మేం చేతులు కడుక్కుని భోజనాల గదిలోకి వచ్చేసరికి మదర్ వచ్చి కూర్చుని ఉంది. సుంకమ్మక్క గంప తెచ్చి బల్ల మీద పెట్టింది. మదర్ నవ్వుతూ పైగుడ్డ తీసింది.

నేను చూశాను. సిస్టరమ్మ చూసింది. సుంకమ్మక్కకు అప్పుడు, ఆ క్షణంలో అర్థమైంది. చేయి నోటికి అడ్డం పెట్టుకుంది.

మదర్ ఒకటి తీసి, అల్లిన అంచు మీద వేలు పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. చెడ్డ మనిషి కాదు. గట్టిగా ఒక్క మాట అనలేదు. "బాగున్నాయి. ఎవరు చేశారు?" అని అడిగింది.

నేనే చేశాను అని సిస్టరమ్మ ఒక్క మాట అంటే సరిపోయేది. ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు. మేం మూటలు కట్టి దాచినదాన్ని ఆమె తన నోటితో కప్పిపెట్టలేకపోయింది. "మా సుంకమ్మ," అంది.

మదర్ లేచి వచ్చి ఆమె పక్కన కూర్చుని, ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. పట్టుకున్నా ఆ చేయి ఆగలేదు. వాళ్ళిద్దరూ ఇంగ్లీషులో ఏదో మాట్లాడుకున్నారు. నాకు వినాలనిపించక బయటికి వచ్చేశాను. వేపచెట్టు దగ్గర కంపలు గాలికి పక్కకు జరిగి ఉంటే మళ్ళీ సర్ది పెట్టాను.

ఎండలు ముదరకముందే పంపాలని తేలింది. సుంకమ్మక్క అన్నం మానేసింది. "నా చెయ్యే పంపించె ఆమెను. చెప్పినట్టు రెండు మూలలు నొక్కింటే సరిపోయేది కదా," అని ఎవరు కనపడితే వాళ్ళతో అనేది. సిస్టరమ్మ ఒకరోజు ఆమెను వరండాలో కూర్చోబెట్టి, పిండి ముద్ద ముందు పెట్టింది.

"ఏడుపు నిలిపి నాకు నేర్పు, మే."

"ఏం నేర్పల్ల?"

"నీ అల్లిక."

సుంకమ్మక్క ముక్కు చీదుకుని, ఆమె చేతిలో పూరీ పెట్టింది. ఆమె వేళ్ళు వణికాయి. అంచు వంకర పోయింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ పోయింది. సిస్టరమ్మ కళ్ళజోడు తీసి, "యాష్టకొచ్చిందప్పా" అంది.

"వణికితే వణకనీ సిస్టరమ్మా," అంది సుంకమ్మక్క, ఆమె వేళ్ళ మీద తన వేళ్ళు పెట్టి. "మీ మూటకు ఒకే నొక్కు, అది తప్పితే అంతే. దీనికి అట్ల కాదు. కొంచెం కొంచెం పోవల్ల. ఈ వణుకుకే మడత పడతాది సూడు."

నేను తలుపు లోపల ఫ్రిజ్ పక్కన నిలబడి చూస్తున్నాను. నిజంగానే పడింది. వంకరటింకరగా, చిన్నపిల్ల మొదటిసారి వేసుకున్న జడలా ఉంది. కానీ మూసుకుంది. ఆ తర్వాత వెళ్ళేవరకూ రోజూ ఆ ఇద్దరూ అదే పని. మిగిలిన రోజుల్లో ఆమె చేసిన వైద్యం ఏమీ లేదు.

వెళ్ళేరోజు జనం గేటు దాకా నిండిపోయారు. ఆమె పురుడు పోసిన పిల్లలు తమ పిల్లల్ని ఎత్తుకుని వచ్చారు. మస్తానన్న డబ్బాలో ఖర్జూరాలు తెచ్చి ఒళ్ళో పెట్టాడు. కారెక్కి కూర్చుని, కళ్ళజోడు తీసి, ముక్కు నొక్కుకుని, "యాష్టకొచ్చిందప్పా" అంది. నేను రెండో మాట కోసం చూశాను. ఆమె కళ్ళజోడు పెట్టుకోలేదు, ఏమీ అడగలేదు. కారు కదిలింది. నాకు అప్పుడు కలిగిన బాధ ఇంకెప్పుడూ కలగలేదు.

సుంకమ్మక్క ఆ తర్వాత ఏ పండుగకూ కర్జికాయలు చేయలేదు. వినాయక చవితికి పిలిస్తే చేయి నొప్పి అనేది, దీపావళికి పిలిస్తే కళ్ళు కనపడవనేది. కొన్నాళ్ళకు ఊరివాళ్ళు అచ్చులు కొనుక్కుని పిలవడం మానేశారు. మస్తానన్న బేకరీ కూడా మూతపడింది.

అందుకే చిన్న సిస్టరు చెప్పిన రెండో సంగతి విన్నాక నేను ఫ్రిజ్ తలుపు మూసి, ఆమె చేయి పట్టుకుని, "అది నాకు కాదు, పద, సుంకమ్మక్కకు చెప్పు" అన్నాను.

సుంకమ్మక్క ఇంటి ముందు నీడలో కాళ్ళు చాపుకుని, ముక్కు మీద కళ్ళజోడుతో శెనక్కాయలు వొలుస్తోంది. గింజ పట్టని లొత్తకాయలు ఒక పక్క, గింజలు ఒక పక్క. పోయిందన్న మాట విని చేయి ఆపింది. కొంగు కళ్ళకు పెట్టుకుంది. "ఆ గోడపక్క చోటు అట్లే ఉండిపోయ," అంది. చిన్న సిస్టరు ఆమె ముందు నేల మీద కూర్చుంది. కణేకల్ పిల్ల, మా మాటే మాట్లాడుతుంది.

"అక్కా, ఆడ ఆశ్రమంలో క్రిస్మస్‌కు ముసలి సిస్టర్లంతా చుట్టూ కూర్చొని ఆ మూటలు కడతారు. మా సిస్టరమ్మను కూడా కూర్చోబెట్టిరి. చేయి ముందుకంటే శానా వణుకుతాండాది. అందరూ మూలలు నొక్కుతాంటే ఈమె సగానికి మడిచి, అంచు అల్లుకుంటా కూర్చుండె. ఒక్కోదానికి ఎంతసేపో. వంటింటి పెద్దామె వచ్చి, ఇదేంది, మనమిట్ల చేయం కదా అనె."

"ఏమనె సిస్టరమ్మ?" అంది సుంకమ్మక్క.

"మా ఊర్లో ఇట్లే మడుస్తారు అనె."

సుంకమ్మక్క ఒళ్ళోని గింజలు చేత్తో దగ్గరికి చేసింది. నాకు ఇక ఆగలేదు. ఫ్రిజ్ దగ్గర రాని ఏడుపు అప్పుడు వచ్చింది. నేను ముఖం అటు తిప్పుకున్నాను. వెనక నుంచి సుంకమ్మక్క గొంతు వినిపించింది.

"భట్టీలో ఇప్పుకున్యాయా పాపా?"

"లేదక్కా. పక్కన మూటలు కొన్ని నోరు తెరిసినాయి. సిస్టరమ్మవి ఒకటి కూడా ఇప్పుకోలేదు."

సుంకమ్మక్క కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "యాష్టకొచ్చిందప్పా" అని గోడ పట్టుకుని పైకి లేచింది. వొలిచిన గింజలు చేటలోకి ఎత్తి, లోపలికి పోతూ గడప దగ్గర ఆగి నన్ను పిలిచింది.

"ఏమ్మే, నిలబడి ఏం చేస్తాండావు? ఆ అటక మీద డబ్బాలో గసగసాలు ఉండాయేమో సూడు."